డబ్బా మీద రంగు

కొత్తపేట కాలవ గట్టున పురుగుమందుల కొట్టు నాది.
పంతొమ్మిదేళ్ళుగా డబ్బా తిప్పి
త్రికోణం చూపించి మరీ అమ్ముతున్నాను.
ఎరుపైతే చేతికి కవరు కట్టుకో,
పసుపైతే గాలికి ఎదురు కొట్టకు,
నీలమైనా పచ్చయినా సబ్బుతో కడుక్కునే అన్నం తిను.
లోపల మడతపెట్టిన కాగితం ఎవడూ చదవడు.
దాళ్వా చేనుకి దోమ పట్టినవాడికి
చదివే తీరికెక్కడిది?
రంగు చూస్తాడు, నా మొహం చూస్తాడు,
"పని చేత్తాదా?" అంటాడు.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
మా లిఖిత ఫోను వెలుగులో లెక్కలు చేసుకుంటోంది,
చెవుల్లో తీగలు.
పద్నాలుగు నిండలేదు.
భుజం మీంచి తొంగి చూశాను,
పాట పేరు పక్కన బూడిద రంగు గడి,
గడిలో ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం.
"ఏంటమ్మా అది?"
"ఈ."
"ఈ అంటే?"
"ఏం లేదు నాన్నా, బూతులుంటాయని."
కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు చెప్పింది.

బూడిద రంగు.
నా కొట్లో ఆ రంగు లేదు.
ట్యాంకుకి ఎన్ని మూతలో,
కొట్టాక ఎన్నాళ్ళు చేలో దిగకూడదో
ఎవణ్ణి అడగాలి?
నాకా ఇంగ్లీషు రాదు.
ఆ పాటలో ఏముందో తెలియాలంటే
నా కూతురే నాకు విప్పి చెప్పాలి.
తెల్లవార్లూ దోమతెరలో అటూ ఇటూ దొర్లాను.

మా మేనత్త వరాలు గుర్తొచ్చింది.
ఊడుపుల్లో ఆవిడ పాట ఎత్తుకుంటే
గట్టు మీద కామందు
గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని నడిచేవాడు.
బురదలో పాతికమంది ఆడాళ్ళు
వంచిన నడుం ఎత్తకుండానే పగలబడేవారు.
నారుకట్టలు విసిరే పదేళ్ళవాణ్ణి నేను.
సగం అర్థమయ్యేది,
మిగతా సగానికి అందరితోపాటు నవ్వేవాణ్ణి.
ఆ పాటలకి ఏ మూలా ఏ రంగూ లేదు.
చెడిపోయానా?
పోలేదనే అనుకున్నాను, తెల్లవారేదాకా.

పొద్దున్నే అనేశాను, "అలాంటివి వినకమ్మా."
"సరే," అంది, జడ అల్లుకుంటూ అద్దంలోంచి.
"రావులపాలెం బస్సులో వెనకసీటువాళ్ళు
అవే మాటలంటారు. పాట కాదు. నన్నే.
ఆ బస్సుకి గడి లేదు నాన్నా."
రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని,
మళ్ళీ తీసి,
"మొదటిసారి విన్నది మన కొట్లోనే.
యూరియా బస్తా చిరిగిన రోజు
ఏసోబు మావయ్యని అన్నావు, వాళ్ళమ్మని కూడా.
నేను నీకు ఇడ్లీ తెచ్చి నిలబడ్డాను.
నువ్వు చూళ్ళేదు. రెండో తరగతి నేనప్పుడు."

ఆ రోజు లారీ వచ్చింది.
ఏసోబు రెండు బస్తాలు తడి నేల మీద దించాడు.
నోటిదాకా వచ్చింది, మింగాను.
"ఒంట్లో బాగాలేదాండీ?" అన్నాడు పాపం.

నాలుగింటికి షట్టర్ దించేసి
రావులపాలెం వెళ్ళి
ఆ బస్సే ఎక్కి వెనకసీట్లో కూచున్నాను.
నలుగురు కుర్రాళ్ళు ఎక్కారు,
ఒకడు నా దగ్గర అప్పున్న రైతు కొడుకు.
కిటికీలోంచి అరటితోటలు చూడ్డం మొదలెట్టారు,
వాటినెప్పుడూ చూడనట్టు.

లిఖిత ముందు నన్ను ఎరగనట్టే నిలబడింది.
రెండు స్టాపులు దాటాక వచ్చి పక్కన కూచుని
ఒక తీగ నా చెవిలో పెట్టింది.
మాట ఒక్కటీ అందలేదు.
డప్పు మాత్రం, నిజం చెప్పాలంటే, బావుంది.
"గడి ఉన్న పాటేనా?"
"ఆ."

పలివెల దగ్గర, ఏదో రాబోతోందని తెలిసినట్టు
చెయ్యి చాచి
నా చెవిలోంచి తీగ తీసేసింది.
కాసేపు బస్సు చప్పుడు విన్నాను.
మళ్ళీ పెట్టింది.